మిగిలిన తొమ్మిది మాత్రలు

“రాయి. నీ చేత్తోనే రాయి,” అన్నారు బావగారు, ఆసుపత్రి ఫారాన్ని భోజనాల బల్ల మీద చిన్నకోడలి ముందుకు తోస్తూ. “ఆ మాత్ర వల్లే మా అమ్మకి ప్రాణం మీదికొచ్చిందని రాసి, కింద సంతకం పెట్టు.”

ఫారం ఆమె తెచ్చిందే. ఆమె పనిచేసే ఆసుపత్రి మందుల కౌంటరులో ఒక సొరుగు నిండా అవే ఉంటాయి. ఎవరికైనా మందు వికటించిందని అనుమానం వస్తే నింపి పంపాలి. ఇన్నేళ్ళలో ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం బోలెడు నింపింది. సొంత అత్తగారి కోసం, అదీ ముద్దాయిలా కూర్చుని నింపాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

కౌంటరు పెద్దాయన నిన్ననే మెత్తగా చెప్పాడు. నువ్వు ఇంటిమనిషివి, తీర్పు చెప్పే పని నీది కాదు, తేదీలూ వివరాలూ ఉన్నవి ఉన్నట్టు రాసుకురా, సోమవారం డాక్టర్లు కూర్చుని తేలుస్తారు అని. ఆ మాట ఇంట్లో చెబితే బావగారు నవ్వారు. ఆయనది బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. సంతకం లేని నిజం ఆయన దృష్టిలో నిజమే కాదు.

“తేదీలు రాస్తాను బావగారూ. దాని వల్లే అని రాయడానికి నాకింకా తెలియదు.”

“తెలియదా? మొహం వాచి, కళ్ళు మూసుకుపోయి, అమ్మ మూడు రోజులు ఆసుపత్రిలో పడుంటే నీకింకా తెలియదా?”

ఆమె తల దించుకుంది. ఆ ఒళ్ళు అందరికంటే ముందు చూసింది తనే. పద్నాలుగో తారీకు పొద్దున దుప్పటి తీస్తే మెడ నుంచి మోకాళ్ళ దాకా ఎర్రటి దద్దుర్లు, ముట్టుకుంటే కాలిపోతున్న ఒళ్ళు. దానికి పన్నెండు రోజుల ముందే కాలి బొటనవేలి వాపుకి యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర మొదలైంది. రాసిచ్చింది డాక్టరే గానీ, ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది తను, మాత్రలు తెచ్చింది తను, మొదటి మాత్ర నీళ్ళ గ్లాసుతో సహా చేతికిచ్చింది తను. ఆసుపత్రిలో ఆ మాత్ర ఆపించారు, దద్దుర్లు తగ్గుముఖం పట్టాయి. ఇంటిల్లిపాదికీ ఇక తేల్చుకోవాల్సిందేమీ మిగల్లేదు.

తోడికోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ అరవదు. అరిచినా బాగుండేదని ఈ పది రోజుల్లో చిన్నకోడలికి చాలాసార్లు అనిపించింది. అత్తగారిని ఇంటికి తెచ్చిన సాయంత్రమే, అందరి ముందూ, ఎంతో మర్యాదగా చెప్పింది ఆవిడ. “ఇకమీదట అత్తయ్య మందుల జోలికి నువ్వు రావద్దు. నేను చూసుకుంటాను.”

ఈ ఇంట్లో అడుగుపెట్టిన తొమ్మిదేళ్ళలో చిన్నకోడలు సంపాదించుకున్న గౌరవం ఏదైనా ఉందంటే అది మందులు తెలిసిన మనిషి అన్న పేరే. వంటలో ఆమెకి మార్కులు తక్కువ, మాటల్లో ఇంకా తక్కువ. ఉన్న ఆ ఒక్క పేరూ ఆ సాయంత్రం ఊడ్చిపెట్టుకుపోయింది. కట్టుకున్నవాడు పక్కనే నిలబడి విన్నాడు, విని ఊరుకున్నాడు. ఇవాళ ఆదివారమైనా బస్సు డిపోలో షిఫ్టు ఉందని వెళ్ళిపోయాడు. ఉన్నా ఆయన ఒరగబెట్టేదేమీ లేదు.

పక్క గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. ఆ ఇంట్లో మిషను ఆగిందంటే అత్తగారు వింటున్నారని అర్థం.

“ఇదిగో, ఇది కూడా దానికి కుట్టి పంపు,” అని బావగారు చొక్కా జేబులోంచి మాత్రల స్ట్రిప్పు తీసి బల్ల మీద పడేశారు. “సాక్ష్యం.”

ఏ స్ట్రిప్పు చేతికొచ్చినా ముందు ఖాళీలు లెక్కపెట్టడం ఆమెకి కౌంటరు మీద పట్టిన అలవాటు. కంట్లో నీళ్ళు తిరుగుతున్నా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. ఒక ఖాళీ, తొమ్మిది మాత్రలు.

“మిగతా రెండూ ఏవి బావగారూ?”

“ఏ రెండు?”

“ముప్పై మాత్రలు తెచ్చాను. మూడు స్ట్రిప్పులు.”

“అవి ఖాళీవి. ఖాళీవి పంపి ఏం చేసుకుంటారు?”

రెండో తారీకున మొదలుపెట్టి పదమూడు దాకా, రోజుకొకటి. పన్నెండు. అంటే పద్దెనిమిది మిగలాలి. మళ్ళీ లెక్క చూసింది. ఎన్నిసార్లు చూసినా తొమ్మిది తక్కువే వచ్చాయి.

“అక్కా, ఈ మాత్రలున్న కవరు ఎక్కడ పెట్టావు?”

“మిషను సొరుగులో,” అంది తోడికోడలు. “కాలు బాగోలేక అత్తయ్య అప్పట్లో దాని దగ్గరికే వెళ్ళడం లేదు కదా, ఎవరి కంటా పడదని.”

చిన్నకోడలు పక్క గది వైపు చూసింది. నాలుగు రోజులుగా ఆ మిషను టకటకలాడుతూనే ఉంది. అది కాలితో తొక్కే మిషను. నెల కిందట దుప్పటి అంచు తగిలితేనే విలవిల్లాడిన బొటనవేలితో ఎవరు తొక్కుతున్నారో ఈ ఇంట్లో ఒక్కరూ ఆలోచించలేదు, తనతో సహా.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. దారం అప్పటికే ఎక్కి ఉంది.

“అత్తయ్యా, ఈ మాత్ర మళ్ళీ వేసుకుంటున్నారా?”

ఆవిడ ఎక్కిన దారాన్నే ఇంకాస్త లాగారు. కుట్టు నేర్పే బడిని ముప్పై ఏళ్ళు నడిపిన మనిషి, ఎదుటివాళ్ళ తప్పు పట్టుకోవడం అలవాటే గానీ తను పట్టుబడటం అలవాటు లేదు.

“ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ,” అన్నారు చివరికి. “పొద్దున టీతో ఒకటి. ఇది పడ్డాకే నా కాలు నేల మీద ఆనుతోంది. మీరంతా ఒక్కటై ఆపేస్తే నా కాలు ఎవరు చూస్తారు? మీకేం, రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి.”

 చిన్నకోడలు మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఒకసారి ఒళ్ళంతా కాల్చిన మాత్ర రెండోసారి లోపలికి వెళితే ఏమవుతుందో ఆమె చూసింది. వార్డులో ఒక మనిషి చర్మం ఊడిపోవడం చూసింది. తొమ్మిది రోజులపాటు, తనున్న ఇంట్లో, తన కళ్ళెదుట ఈవిడ ఆ పని చేస్తూ కూర్చున్నారు.

“నువ్విచ్చింది చెడ్డ మాత్ర కాదని నాకు తెలుసులే,” అన్నారు అత్తగారు గొంతు తగ్గించి.

“మరి ఆ మాట వాళ్ళతో ఎందుకు అనలేదు?”

“అంటే మాత్రలు లాక్కుంటారు కదా.”

నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. తొమ్మిది రోజులుగా తను తిన్న మాటలన్నీ ఈవిడ ఈ గదిలోనే కూర్చుని విన్నారు.

అప్పటికే బావగారు గదిలోకి వచ్చేశారు. తల్లి మీద కేకలేశారు, సొరుగులో పెట్టినందుకు భార్య మీద కేకలేశారు, ఆ రెండూ సరిపోక ఇదంతా దొంగచాటుగా చిన్నకోడలే చేయించి ఉంటుందన్నారు. చిన్నకోడలు అడ్డం చెప్పలేదు. ఆమె చూపు అత్తగారి చేతుల మీద ఉంది. పాత దద్దుర్లు పొట్టు రాలి, గోధుమ రంగు మచ్చలుగా మిగిలాయి. మెడ మీద కొత్తవి లేవు. మొహం తేటగా ఉంది. ఆమె మనసు తేలికపడింది. తేలికపడినందుకు సిగ్గేసింది కూడా.

“బావగారూ, ఒక్క నిమిషం నా మాట వినండి,” అంది. “ఆపితే తగ్గింది, కాబట్టి ఆ మాత్రే కారణం అన్నారు మీరు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆపి, నాలుగు రోజుల తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు. అదే మాత్ర, అదే మోతాదు. దానివల్లే వచ్చి ఉంటే రెండోసారి ఇంకా త్వరగా, ఈపాటికే మళ్ళీ రావాలి. రాలేదు.”

“అంటే గాలికి వచ్చిందంటావా?”

“ఇంకోటేదో ఉంది. పద్నాలుగుకి ముందు లోపలికి వెళ్ళింది, ఆసుపత్రిలో ఆగిపోయింది. ఈ ఫారంలో దానికో గడి ఉంది, ఆ రోజుల్లో వాడిన వేరే మందులు అని. ఆసుపత్రి కాగితంలో ఆ చోట లేవు అని రాసి ఉంది.”

“లేవు గనక లేవని చెప్పాం,” అంది తోడికోడలు. “డాక్టరు అడిగినప్పుడు నేనే కదా చెప్పింది.”

ఆ రోజుల్లో ఇంకేమైనా వేసుకున్నారా అని చిన్నకోడలు అత్తగారిని అడిగింది. ఆవిడ పెద్దకోడలి వైపు చూసి, గుడ్డ అంచు మడత పెట్టడం మొదలుపెట్టారు.  అప్పుడు వరండాలోంచి కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

మామగారు ఫ్యాక్టరీ గేటు దగ్గర ముప్పై నాలుగేళ్ళు టైంకీపరుగా పనిచేశారు. వెయ్యిమంది రాకపోకలు నిమిషాలతో సహా రాసిన చెయ్యి రిటైరైతే మాత్రం ఊరుకుంటుందా? పాలు ఆరూ పది, పెద్దవాడు బయటికి ఎనిమిదీ యాభై రెండు, చిన్నకోడలు లోపలికి ఆరూ నలభై ఐదు అంటూ ఇంటిని కూడా గీతల పుస్తకంలో రాస్తూ వచ్చారు. ఇంట్లో అందరూ ఆ పుస్తకం మీద జోకులు వేసినవాళ్ళే. దాన్ని తెరిచి చదివినవాళ్ళు మాత్రం లేరు.

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పుస్తకం తెరిచే ఉంది.

“పన్నెండో తారీకు,” అని చదివారు, హాజరు పిలుస్తున్న గొంతుతో. “ఆవిడకి గొంతు నొప్పి. పెద్దకోడలు గొట్టం మాత్ర ఇచ్చింది, ఎరుపు పసుపు, పొద్దున ఎనిమిదీ పది. సాయంత్రం ఏడున్నరకి ఇంకోటి. పదమూడున మళ్ళీ రెండు. పద్నాలుగు, ఆరూ ఇరవై, దద్దుర్లు.”

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు మామయ్యా?” అని అడిగింది చిన్నకోడలు. 

“నన్నెవరూ అడగలేదమ్మా,” అన్నారాయన. అని, పుస్తకంలోకి తల దించేసుకున్నారు. ఆ సంగతి ఆయనకీ ఇప్పుడే తట్టిందని ఆ దించడంలోనే తెలిసిపోయింది.

ఎరుపు పసుపు క్యాప్సూలు ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు నెలల కిందట బావగారి పంటి నొప్పికి ఐదు రోజుల కోర్సు తెచ్చిచ్చింది చిన్నకోడలే. పెన్సిలిన్ జాతి మందు. మొత్తం వాడాలి బావగారూ, మధ్యలో ఆపకూడదు అని కవరు మీద రాసి మరీ ఇచ్చింది. రెండో రోజుకే నొప్పి తగ్గింది, ఆయన ఆపేశారు. మిగిలినవి ఫ్రిజ్ మీది బిస్కెట్ల డబ్బాలోకి చేరాయి. జ్వరం బిళ్ళలు, సగం వాడిన ఆయింట్‌మెంట్లు, పేరు చెరిగిపోయిన చుక్కల మందులు అన్నీ ఆ డబ్బాలోనే ఉంటాయి. దాంట్లోంచి తీసింది ఏదీ ఆ ఇంట్లో మందు కింద లెక్క కాదు. మందంటే డాక్టరు రాసింది. డబ్బాలోది ఇంట్లోది, అంతే.

తోడికోడలి మొహంలో రంగు పోయింది.

“గొంతు నొప్పికి నాలుగు మాత్రలు. అంతేగా,” అంది. “ఆయన వాడినవే. ఆయనకేం కాలేదు.”

“ఒకరికి పడింది ఇంకొకరికి పడాలని లేదక్కా.”

“అయితే ఇప్పుడు నా పేరు రాస్తావా అందులో?”

చిన్నకోడలు బల్ల దగ్గరికి వెళ్ళి ఫారం తెచ్చింది. పది రోజులుగా ఆమె ఈ ఘడియ కోసమే ఎదురుచూసింది. రాత్రిళ్ళు పడుకుని, తోడికోడలితో ఏ మాటలనాలో వరసగా పేర్చుకుంది కూడా. ఇప్పుడు ఆ మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“ఏ మందు, ఎంత, ఎప్పుడు అని మాత్రమే ఉంది ఇందులో. ఎవరిచ్చారు అన్న గడి లేదక్కా.”

తోడికోడలు పైటచెంగుతో మొహం తుడుచుకుంది. బావగారు కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డారు. ఆ కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదు.

అక్కడితో ఆపినా ఎవరూ అడిగేవారు కాదు. కానీ చిన్నకోడలికి ఇంకో సంగతి తెలుసు, అది మింగేసి ఊరుకోవడం ఆమెకి చేతకాలేదు. ఆ జాతి క్యాప్సూలూ యూరిక్ యాసిడ్ మాత్రా ఒకేసారి ఒంట్లో ఉంటే దద్దుర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. చదువుకున్న రోజుల్లో పరీక్షలో రాసిన సమాధానమే. ఆ మాట పైకే చెప్పింది.

బావగారు వెంటనే ఇటు తిరిగారు. “అయితే నీ మాత్రకి కూడా భాగం ఉందన్నమాట.”

“ఉండొచ్చు బావగారూ. అది కూడా రాస్తాను. రెండూ రాస్తాను, తేదీలతో సహా. తేల్చేది వాళ్ళు.” ఆమె పెన్ను మూత తీసింది. “మనకి కావాల్సింది మాత్రం ఒకటే. ఆ గొట్టం మాత్ర అత్తయ్య ఒంటికి పడదని ఒకసారి అనుమానం వచ్చాక, ఈ జన్మలో మళ్ళీ ఎవరూ ఇవ్వకూడదు. రెండోసారి వెళితే ఈసారి దద్దుర్లతో పోకపోవచ్చు. గొంతు మూసుకుపోవచ్చు.”

ఇన్నాళ్ళూ గొంతెత్తని తోడికోడలు అప్పుడు ఎత్తింది.

“నేనేదో తెలిసి దాచిపెట్టినట్టు మాట్లాడకండి. దానివల్ల అని నాకేం తెలుసు? తెలిస్తే ఇవాళ మళ్ళీ ఎందుకిస్తాను?”

చిన్నకోడలి చేతిలో పెన్ను ఆగిపోయింది.

“ఇవాళ ఇచ్చావా?”

 తోడికోడలి కళ్ళు భర్త మీంచి అత్తగారి మీదికి, అక్కణ్ణుంచి గుమ్మం అవతల ఫ్రిజ్ మీది డబ్బా మీదికి వెళ్ళాయి. ఆవిడ అబద్ధమాడలేదని, పది రోజులుగా ఒక్క అబద్ధం కూడా ఆడలేదని చిన్నకోడలికి ఆ క్షణంలో అర్థమైంది. అబద్ధమే అయి ఉంటే ఎంత బాగుండేది. భయం ఉన్న మనిషి రెండోసారి ఇవ్వదు.

“గొంతు గరగరమంటోందన్నారు,” అంది తోడికోడలు.  “ఒక్కటే ఇచ్చాను.”

“ఎనిమిదీ నలభై,” అన్నారు మామగారు. ఈసారి పుస్తకం చూడలేదు.

గోడ గడియారం పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. చిన్నకోడలు అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఊపిరి ఎలా ఆడుతోంది అని అడిగింది. నాలుక చాపమంది. పెదవులు చూసింది, కళ్ళ కింద చూసింది. బావగారూ బండి బయటికి తీయండి అంది. ఆయన ఎందుకని అడగలేదు. మెట్లు దిగుతున్న ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది. అక్కా, ఆ గొట్టం మాత్రల స్ట్రిప్పు డబ్బాతో సహా తీసుకురా అంది. తోడికోడలు పరుగెత్తింది.

“ఏమైంది మీకందరికీ? నాకేం కాలేదు,” అన్నారు అత్తగారు. “గొంతు కూడా నెమ్మదించింది.” అంటూనే కుడిచేత్తో ఎడమ మోచేతి మడత దగ్గర జాకెట్టు మీదుగా గోకుతున్నారు.

“అత్తయ్యా, అక్కడేమిటి?”

“ఇందాకటి నుంచీ దురద. దారం పోగులు గుచ్చుకుంటున్నాయేమో అనుకున్నా.”

జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉంది. ఆవిడ కుట్టుకున్నదే, ఒక్క కుట్టు కూడా వదులు ఉండదు. చిన్నకోడలు మిషను మీది కత్తెర తీసుకుని భుజం దాకా కత్తిరించింది. మంచి గుడ్డ పాడు చేశావు అని అత్తగారు అనబోయి, కోడలి మొహం చూసి మానేశారు.

డబ్బా పట్టుకుని వచ్చిన తోడికోడలు, ఆ చేతి మీద భుజం దాకా పాకిన ఎర్రటి దద్దుర్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

మామగారు అలవాటుగా గడియారం వైపు చూశారు. పెన్ను తీశారు, పుస్తకం తెరిచారు. ముప్పై నాలుగేళ్ళు ఒక్క నిమిషం కూడా తప్పకుండా రాసిన మనిషి, ఆ నిమిషాన్ని రాయలేక అలాగే నిలబడిపోయారు.